పొడుగాకు కొత్తిమీర, ఒక పడక కుర్చీ

కళ్లజోళ్లాయన ఇంటి బాల్కనీ ఎంతుంటుందయ్యా అంటే, అందులో ఒక్క పడక కుర్చీ వేస్తే గాలి కూడా పక్కకి తిరిగి లోపలికి రావాలి. ఆ కుర్చీలో ఆయన, ఆయన పొట్ట మీద పేపరు. ఆదివారం పొద్దున పదింటికి అలా వాలాడంటే భోజనానికి పిలిచేదాకా ఆయన ఈ భూమ్మీద లేనట్టే. వారానికి ఆరు రోజులు దుకాణంలో నిలబడి, "కుడికన్ను మూసుకోండి, పై వరస చదవండి" అంటూ ఊరందరి చేతా అక్షరాలు దిద్దించే మనిషికి, ఏడో రోజున తన రెండు కళ్లూ మూసుకునే హక్కు ఉందని ఆయన వాదన.

వాళ్లావిడ వాదన వేరు. నాలుగేళ్ల కిందట ఆవిడ టేపు తెచ్చి బాల్కనీ కొలిచింది. బట్టలుతికే మెషీన్ సరిగ్గా ఆ కుర్చీ కాళ్లున్న చోటే పడుతుందని తేల్చింది. ఆ నాలుగంతస్తుల ఇంటికంతటికీ కలిపి కింద ఒకే ఒక్క మెషీన్ ఉంది. ఆవిడ వంతు గురువారం. గురువారం సాయంత్రం బడి క్యాంటీన్‌లో మూడొందల మందికి వండి వచ్చి, బకెట్టుతో కిందికి దిగేసరికి, పైవాటా పిన్ని ముందే నిలబడి ఉంటుంది.

"ఒక్క దుప్పటేనమ్మా, ఇలా వేసి అలా తీసేస్తా" అంటుంది పిన్ని. ఆ ఒక్క దుప్పట్లోంచి ఇంకో ఏడు దుప్పట్లు బయటికొస్తాయి.

"మెషీన్ వంటింట్లో పెట్టుకోరాదూ?" అనేవాడు ఆయన, కళ్లు తెరవకుండానే.

"అలాగే పెడతా. పొయ్యి తెచ్చి మీ కుర్చీ మీద పెట్టి వండుతా" అనేది ఆవిడ.

ఇలా నాలుగేళ్లు నడిచింది. కుర్చీ గెలుస్తూ వచ్చింది, ఎందుకంటే దాని మీద ఎనభై కిలోల బరువు కూర్చుని ఉంది కాబట్టి.

ఒక ఆదివారం ఆవిడ అన్నగారు భోజనానికొచ్చారు. ఆయనకి సామాన్లు చేరవేసే వ్యాను బతుకుతెరువు, మిద్దె మీది కుండీలు పంచప్రాణాలు. అందుకే అందరూ ఆయన్ని మిద్దెతోట బావగారంటారు. వస్తూ వస్తూ తడిగుడ్డలో చుట్టి పది ఆకులు తెచ్చారు. చూస్తే జానెడు పొడుగు, వేలెడు వెడల్పు, అంచంతా రంపప్పళ్లు.

"పొడుగాకు కొత్తిమీర" అన్నారు బావగారు. "కులాంట్రో అని కూడా అంటారు. రెండే రెండాకులు వెయ్యి చెల్లెమ్మా. మూడోది వేశావో, వీధి చివరివాళ్లు కూడా కంచాలు పట్టుకుని వచ్చేస్తారు."

ఆవిడ ఒక ఆకు తుంచిందో లేదో, ఇల్లంతా కొత్తిమీర వాసన కమ్మేసింది. ఒక కట్ట కాదు, పది కట్టలు ఒకేసారి నలిపినట్టు. చిక్కుడు గింజల సూప్‌లో ఆ రెండాకులూ వేసింది. మామూలుగా ఆ సూప్‌ని "ఆరోగ్యానికి మంచిదట" అని మందులా మింగే కళ్లజోళ్లాయన ఆ రోజు మూడు గిన్నెలు లాగించాడు. నాలుగో గిన్నెకి మొహమాటపడి గరిటె నాకాడు.

"మా అన్నయ్య చెయ్యి అలాంటిది" అంది ఆవిడ మురిసిపోతూ. "మట్టి ముట్టుకుంటే చాలు, మొక్క తలూపుకుంటూ లేస్తుంది."

ఆ మాట సూప్‌లో పంటికింద రాయిలా తగిలింది ఆయనకి. "ఆకు పెంచడం అంత బ్రహ్మవిద్యా? మట్టి వేసి, విత్తనం వేసి, నీళ్లు పోస్తే అదే వస్తుంది."

"మీరా?" ఆవిడ గరిటె కింద పెట్టింది. "ఎవ్వరూ చంపలేని మనీప్లాంట్‌ని చంపిన చేతులండీ ఇవి."

"నేను చంపలేదు. దానంతటది పోయింది."

"కాఫీ పోశారు దానికి!"

"నిద్రమొహంతో వాలిపోయి ఉంటే, పాపం కదాని."

బావగారు నవ్వు ఆపుకోలేక గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. ఆ నవ్వు చూసి కళ్లజోళ్లాయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. లేచి నిలబడ్డాడు. "మూడు నెలలివ్వండి. సరిగ్గా మూడు నెలలకి, బావగారు మళ్లీ వచ్చిన ఆదివారం, నా కుండీలో నా చేత్తో పెంచిన ఆకుతో ఈ ఇంట్లో సూప్ కాచకపోతే..."

"కాచకపోతే?" అంది ఆవిడ. ఆ ఒక్క మాటా చాలా మెత్తగా అంది. పెళ్లయి పందొమ్మిదేళ్లయినా, ఆవిడ మెత్తగా మాట్లాడినప్పుడు నోరు మూసుకోవాలని ఆయనకి ఇంకా తెలిసిరాలేదు.

"కాచకపోతే ఆ కుర్చీ తీసేసి నీ మెషీన్ పెట్టుకో!"

"కాస్తే?"

"కాస్తే కుర్చీ జన్మంతా నాది. టేపు పట్టుకుని బాల్కనీ వైపు రాకూడదు."

"అన్నయ్యా, నువ్వే సాక్షివి" అంది ఆవిడ, నాలుగో గిన్నె సూప్ ఆయన ముందు పెడుతూ.

బావగారు చిన్న కాగితం పొట్లం పంపించారు. విప్పితే అందులో విత్తనాలు ఉన్నాయా, లేక అగ్గిపెట్టె అడుగున మిగిలిన పొడి ఉందా అని అనుమానం వచ్చేంత చిన్నవి. పొట్లం మీద మూడే మాటలు రాశారు. నీడలో పెట్టండి. తడి ఆరనివ్వకండి. తొందరపడకండి.

కళ్లజోళ్లాయన ఆ మూడూ చదివి, "మరీ పిరికి మనిషి మీ అన్నయ్య" అని, కుండీని ఎండ బాగా తగిలే చోట, రెయిలింగు పక్కన పెట్టాడు. "ఎండ లేకుండా ఎక్కడైనా మొక్క లేస్తుందా?"

రెండో రోజు మొలక రాలేదు. మూడో రోజూ రాలేదు. నాలుగో రోజు ఆయన దుకాణంలోంచి రెండు పనిముట్లు తెచ్చాడు. కళ్లజోడు మరలు పట్టుకునే సన్నటి పట్టకారు ఒకటి, కంటికి తగిలించుకునే భూతద్దం ఒకటి. అప్పట్నించి రోజూ పొద్దున్నే కుండీ ముందు గొంతుక్కూర్చుని, మట్టి తవ్వి, పట్టకారుతో ఒక్కో విత్తనాన్నీ పైకి తీసి, భూతద్దంతో అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ పాతేవాడు.

"ఏం చేస్తున్నారు?"

"పరీక్ష. ఎడమ వైపు దానికి కొంచెం ఉబ్బు కనిపిస్తోంది."

"మీరు కడుపులో ఉన్నప్పుడు అత్తయ్యగారు కూడా మిమ్మల్ని ఇలాగే రోజూ బయటికి తీసి చూసుకున్నారా?" అంది ఆవిడ. ఆయన ఒక క్షణం నిజంగానే ఆలోచించాడు.

అన్ని పరీక్షల్నీ తట్టుకుని, పందొమ్మిదో రోజున రెండు మొలకలు లేచాయి. ఒక్కోటి ఆవగింజంత. ఆయన ఇల్లంతా గంతులేశాడు. దుకాణానికి ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానన్నాడు. ఆ దుకాణం ఆయనదే, అందులో ఇంకెవరూ లేరు, ఫోన్ మోగీ మోగీ ఆగిపోయింది. అయినా చెప్పానన్న తృప్తి.

చిక్కేమిటంటే, కుర్చీలో వాలితే ఆ మొలకలు కనిపించవు. వంగి చూస్తే నడుం పట్టేస్తుంది. ఆయన వృత్తిలో దీనికి ఒకే ఒక్క పరిష్కారం ఉంది. ముసలివాళ్లు పేపరు చదువుకునే పళ్లెమంత భూతద్దం ఒకటి తెచ్చి, తీగతో కాళ్లు కట్టి, కుండీ మీద గొడుగులా నిలబెట్టాడు. కుర్చీలో వాలి చూశాడు. రెండు మొలకలూ కొబ్బరాకులంత కనిపించాయి.

"ఇదీ బుర్రంటే" అని తనని తాను మెచ్చుకుని దుకాణానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి సూర్యుడు ఆ అద్దంలోంచి కుండీలోకి చూశాడు. మొలకలు రెండూ అర నిమిషంలో వేగిపోయాయి. అంతటితో పోయినా బాగుండేది. పైవాటా పిన్ని తన ఏడు దుప్పట్లలో ఒకదాన్ని రెయిలింగు మీంచి కిందికి వేలాడేసి ఉంది. గాలికి దాని కొస ఊగి ఊగి అద్దం కిందికి దూరింది. పిన్ని పైనుంచి పొగ చూసి, కింది వాటాలో ఏదో మాడుతోందనుకుని, "పాపం, ఇవాళ ఆయనే వండుకుంటున్నట్టున్నాడు" అని జాలిపడి ఊరుకుంది. తీరా కాలుతున్నది తన దుప్పటే అని తెలిసేసరికి, అందులో పళ్లెమంత కన్నం పడింది. పిన్ని బకెట్టెత్తి నీళ్లు కుమ్మరించింది. ఆ నీళ్లు కుర్చీ మీద పడ్డాయి, పేపరు మీద పడ్డాయి, కింద గోడవారన ఆపిన పోస్టుమాన్ సైకిలు సీటు మీద కూడా పడ్డాయి.

సాయంత్రం దుకాణం తలుపు దగ్గర ఒక దుప్పటి ప్రత్యక్షమైంది. దుప్పటి కొసన కన్నం, కన్నంలో పిన్ని కన్ను.

"బాబూ" అంది ఆ కన్ను. "ఇందులోంచి నువ్వు చాలా స్పష్టంగా కనిపిస్తున్నావు."

పిన్నికి మంచి ఫ్రేముతో కొత్త కళ్లజోడు పెట్టించి, తప్పయిపోయిందని మూడుసార్లూ, మళ్లీ చెయ్యనని ఐదుసార్లూ చెప్పి పంపించేసరికి ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటికొచ్చి చూస్తే ఆవిడ బాల్కనీ గుమ్మంలో నిలబడి టేపు చుట్టుకుంటోంది.

"ఎందుకది?" అన్నాడు గాభరాగా.

"ఊరికే. మరిచిపోకుండా."

పొట్లంలో ఇంకాస్త విత్తనం మిగిలింది. మళ్లీ చల్లాడు. ఈసారి బుద్ధిగా నీడలో, కుర్చీ పక్కనే పెట్టాడు. తవ్వలేదు, తీయలేదు, అద్దం జోలికి పోలేదు. అయితే మొదటిసారి పౌరుషం కొద్దీ ఎండబెట్టిన పాపానికి, ఈసారి భయం కొద్దీ పొద్దున ఒక చెంబూ, మధ్యాహ్నం ఒక చెంబూ, సాయంత్రం ఒక చెంబూ పోశాడు. కుండీలో మట్టి కన్నా నీళ్లెక్కువ. అందులో విత్తనాలు వేశాడో, వాటికి ఈత నేర్పుతున్నాడో చూసేవాళ్లకి అర్థమయ్యేది కాదు.

అయినా మూడు వారాలకి ఒక మొక్క లేచింది. ఒకటే. కానీ ఏం మొక్క! చుట్టూ ఆకులు పరుచుకుని, ప్రతి ఆకు అంచునా రంపప్పళ్లతో, దర్జాగా లేచింది. ఆయన దానికి చిట్టి అని పేరు పెట్టాడు. పొద్దున లేవగానే "చిట్టీ, నిద్రపట్టిందా?" అనేవాడు. పేపర్లో మంచి వార్తలుంటే పైకి చదివేవాడు, చెడ్డ వార్తలు వస్తే పేజీ తిప్పేసేవాడు.

ఆవిడ ఒకరోజు వంగి చూసి, ముక్కు దగ్గరగా పెట్టి, లేచింది. "ఏమండీ, దీనికి వాసన లేదే?"

"నీకు జలుబు."

"నాకు జలుబా? మూడొందల మందికి వండుతాను, ముక్కుతోనే ఉప్పు చెప్తాను."

"చిన్నపిల్ల కదా, పెద్దయ్యాక వస్తుంది."

ఆవిడ ఏదో అనబోయి ఆగి, "సరే, పెద్దవనివ్వండి" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ ఆగడం గమనించే తెలివే ఉంటే ఆయన కథ ఇంత దూరం వచ్చేది కాదు.

పందెం ఇంకా పది రోజులుందనగా చిట్టి పెద్దదైంది. ఆయన గుండె రాయి చేసుకుని ఒక ఆకు తుంచి నలిపాడు. వాసన రాలేదు. ఇంకా గట్టిగా నలిపాడు. ఏమీ రాలేదు. నోట్లో వేసుకుని నమిలాడు. మొహం ముడుచుకుపోయి, పక్క గోడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. అంత చేదు ఆయన జీవితంలో ఎరగడు. వాళ్లావిడ ఊరెళ్లినప్పుడు తాను చేసుకున్న వంకాయ కూర కూడా అంత చేదు లేదు.

నెల రోజులుగా ఆయన పేపరు చదివి వినిపించింది ఒక కలుపుమొక్కకి.

కుర్చీలో కూలబడ్డాడు. ఆ గుడ్డ ఆయన వీపుకి అలవాటైన గుడ్డ. కుడి చెయ్యి పెట్టుకునే చోట చెక్క అరిగి నున్నబడింది. రోజంతా ఎవరెవరి కళ్లలోకో చూసి చూసి అలిసిపోయి వచ్చి, ఎవ్వరి వంకా చూడనక్కర్లేకుండా కూర్చునే చోటు ఆయనకి ఈ ప్రపంచంలో ఇదొక్కటే. అది పోతుందనుకోగానే నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలోనే ఆలోచన కూడా వచ్చింది.

మర్నాడు దుకాణం మూసి మార్కెట్టుకి పరుగెత్తాడు. అక్కడ ఆకుకూరలక్క బల్ల మీద, మిగతా ఆకుల మధ్య, జానెడు పొడుగు రంపప్పళ్ల ఆకులు కట్టలు కట్టి ఉన్నాయి. ఆయనకి ఆవిడ దేవతలా కనిపించింది.

"అక్కా, ఇది వేళ్లతో సహా కావాలి."

"వేళ్లెందుకు? వేళ్లు తింటారా?"

"తినను. మట్టిలో పెట్టాలి."

"మట్టిలోంచి తీసి అమ్మేది నేను, కొని మళ్లీ మట్టిలో పెట్టేది మీరా?" ఆకుకూరలక్క ఆయన్నీ, ఆయన నెత్తి మీది కళ్లజోడునీ ఎగాదిగా చూసింది. "ఇవి తెచ్చే ఆయన కోసుకొస్తాడు, పీక్కురాడు. చెప్పి చూస్తా. వారం తర్వాత రండి. ఎన్ని?"

"కుండీకి సరిపడా. బాగా ఏపుగా ఉన్నవి. ఇంకో మాట అక్కా, ఇది రహస్యం."

"ఎవరికి చెప్తానయ్యా? కొత్తిమీర దొంగరవాణా అని పోలీసులకా?"

వారం తర్వాత, శుక్రవారం సాయంత్రం, ఆరు మొక్కలు వేళ్లతో సహా చేతికొచ్చాయి. వాటిని తడి పేపర్లో చుట్టి, కళ్లజోళ్ల సంచిలో కుక్కి, బస్సెక్కాడు. రెండు స్టాపులు దాటేసరికి బస్సులో అందరి ముక్కులూ పైకి లేచాయి. వెనక సీటులో ఒకాయన కిటికీ తెరిచాడు. ముందు సీటామె సీటు కింద వంగి ఏ పురుగు నలిగిందా అని వెతికింది. ఇంకొకాయన మాత్రం కళ్లు మూసుకుని, "ఆకలేస్తోంది" అన్నాడు ఎవరితోనూ కాకుండా.

"సారూ, మీ దగ్గర్నించేనా?" అడిగాడు కండక్టరు.

"కొత్త సెంటు" అన్నాడు ఆయన, సంచిని పొట్టకి అదుముకుంటూ. అదిమిన కొద్దీ వాసన పెరిగింది. మూడు స్టాపుల ముందే దిగిపోయి నడిచాడు.

తలుపు తీయగానే ఆవిడ ముక్కు ఒకసారి కదిలింది. "ఏమిటండీ, కొత్తిమీర మడిలో పొర్లి వచ్చారా?"

"అద్దాలు తుడిచే కొత్త మందు. ఇప్పుడన్నీ ఇలాంటి వాసనలే వస్తున్నాయి."

"ఓహో" అంది ఆవిడ. అంతే అంది. పెదవి చివర ఒక చిన్న వంకర వచ్చిపోయింది. ఆయన బూట్లు విప్పుకుంటూ ఉన్నాడు, చూడలేదు.

శనివారం పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లగానే చిట్టిని పీకేశాడు. "క్షమించు తల్లీ" అని చెత్తబుట్టలో వేసి, ఆ స్థానంలో ఆరు మొక్కలూ పాతి, మట్టి నొక్కి, చేతులు కడుక్కుని, కుర్చీలో వాలి, పేపరు తిరగేసి పట్టుకున్నాడు.

ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చింది. కుండీ వంక చూసింది. ఆయన వంక చూసింది. "నిన్న ఎనిమిది ఆకులున్నాయి. ఇవాళ నలభై!"

"చివరి రోజుల్లో అలాగే ఊపందుకుంటుంది."

"వాసన కూడా వచ్చిందే!"

"చెప్పానా, నీ జలుబు తగ్గింది."

"భలేవారండీ మీరు!" అంది ఆవిడ. ఎంతో ఆప్యాయంగా అంది. ఆ ఆప్యాయతకి ఆయనకి చెమట పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం బావగారు వ్యానేసుకుని వచ్చారు. ఆవిడ అందరి ముందూ కుండీలోంచి రెండాకులు కోసింది, సూప్ కాచింది. వాసన మెట్ల మీదికి పాకి, పైవాటా పిన్నిని కొత్త కళ్లజోడుతో సహా కిందికి దింపింది. పిన్నికీ ఒక గిన్నె పెట్టారు. నలుగురూ తాగారు. ఆవిడ గిన్నె కింద పెట్టి, నిండుగా ఆయన వంక చూసింది.

"ఓడిపోయానండీ. కుర్చీ మీదే. జన్మంతా."

ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! కానీ లేచి ఉపన్యాసం మొదలెట్టాడు. మొక్కంటే ఏమిటి, మనిషంటే ఏమిటి, మట్టికీ మనసుకీ సంబంధమేమిటి అంటూ పావుగంట. ఆఖర్న, "నీళ్లు ఎవరైనా పోస్తారు బావగారూ. నేను ప్రేమ పోశాను" అన్నాడు.

బావగారు చటుక్కున లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లు చెమర్చినట్టే ఉన్నాయి. "నా గుండె మీద బరువు దించారు బావగారూ. నా మిద్దె కారుతోంది. రేపట్నించి పగలగొట్టి మళ్లీ వేయిస్తున్నా. ఆరు నెలల పని. నా కుండీలన్నీ ఎవరి చేతుల్లో పెట్టాలా అని తిండి సహించట్లేదు. ఇంక నాకు బెంగ లేదు."

"అంటే?"

"ముప్పై రెండు కుండీలు. కింద వ్యాన్లో ఉన్నాయి."

ఆయన ఛాతీ పొంగిన రెండంగుళాలూ దిగింది, అదనంగా ఇంకో రెండంగుళాలు కూడా దిగింది.

"పెద్ద పనేం లేదు" అన్నారు బావగారు. "తెల్లారుజామున నాలుగున్నరకి లేచి ఒక్కో ఆకు వెనకా నత్తలు ఏరాలి. పూత కాడ లేచిందేమో చూసి, లేస్తే గిల్లెయ్యాలి, లేకపోతే ఆకు ముదిరిపోతుంది. రోజు విడిచి రోజు చేపలు కడిగిన నీళ్లు పొయ్యాలి. ఊరెళ్లకూడదు. పేర్లు పెట్టి పిలుస్తారట కదా, చెల్లెమ్మ చెప్పింది. ముప్పై రెండు పేర్లు ఆలోచించుకోండి."

"మా ఆయన చేస్తారన్నయ్యా" అంది ఆవిడ. "ప్రేమ ఉందిగా."

"చేపలు కడిగిన నీళ్లా?" అంది పిన్ని, పైన ఆరేసిన దుప్పట్లు గుర్తొచ్చి.

"బాల్కనీలో ముప్పై రెండు కుండీలు పెడితే మరి నా కుర్చీ?" ఆయన గొంతు పీలగా వచ్చింది.

"కుర్చీ మీదేనండీ, ఎవరు కాదన్నారు?" అంది ఆవిడ. "మడిచి మంచం కింద పెట్టుకోండి. చూడాలనిపించినప్పుడు తీసి చూసుకోండి. పందెం ప్రకారం నేను ముట్టుకోను కూడా ముట్టుకోను."

బావగారు చొక్కా చేతులు మడిచారు. "రండి బావగారూ, కుండీలు మోద్దాం. ఒక్కోటి పాతిక కిలోలు."

మూడంతస్తుల మెట్లు, ముప్పై రెండు కుండీలు, ఆరు నెలల నత్తలు. అన్నీ ఒకేసారి ఆయన కళ్ల ముందు తిరిగాయి. గుమ్మం దాకా వెళ్లి, తలుపు చట్రం పట్టుకుని ఆగిపోయాడు.

"నేను పెంచలేదు!" అని అరిచాడు.

అందరూ ఆయన వంక చూశారు.

"కొన్నాను! మార్కెట్లో కొన్నాను! వేళ్లతో సహా కొని, నువ్వు స్నానం చేస్తుంటే పాతాను! నేను పెంచింది కలుపుమొక్క! దానికి పేపరు కూడా చదివాను! నాకు మొక్కలు రావు, రావు, రావు!"

పిన్ని కొత్త కళ్లజోడు సవరించుకుని మరీ చూసింది.

"అయితే పందెం ఓడినట్టేనా?" అంది ఆవిడ, ఎప్పటిలా చాలా మెత్తగా.

"ఓడాను. కుర్చీ పట్టుకుపో. మెషీన్ తెచ్చుకో. ఆ కుండీలు మాత్రం నా గుమ్మం దాటనివ్వకు, నీకు దణ్ణం పెడతా."

"ఏ కుండీలండీ?"

బావగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి కిందికి నడిపించుకెళ్లి, వ్యాను వెనక తలుపు తీశారు. లోపల ఒక్క కుండీ లేదు. ఒక మొక్క లేదు. అట్టపెట్టెలో, తాళ్లతో కట్టి, కొత్త బట్టలుతికే మెషీన్ ఉంది.

"ఒక చెయ్యి వెయ్యండి బావగారూ" అన్నారు బావగారు. "అరవై కిలోలే."

కాబట్టి ఆయన తన ఓటమిని తనే ఒక కొస పట్టుకుని మూడంతస్తులు మోశాడు. రెండో అంతస్తు మలుపులో ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు అడిగాడు. "ఎలా తెలిసింది?"

"పోయిన వారం మార్కెట్లో ఆకుకూరలక్క నాకో చిత్రమైన బేరం చెప్పింది" అన్నారు బావగారు, రొప్పుతూ నవ్వుతూ. "ఎవరో మహానుభావుడు వేళ్లతో సహా ఆరు మొక్కలు కావాలన్నాడట. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని, జేబులన్నీ తడుముకుంటూ కళ్లజోడు ఎక్కడో పోయిందన్నాడట. ఆవిడకి ఈ ఆకు తెచ్చి వేసేది నేనే కదా! నా చేత్తో నేనే పీకి ఇచ్చాను. మంచివి ఏరి ఇచ్చాను, మీరు పరువు నిలబెట్టుకోవాలి కదాని. ఇంటికెళ్లి చెల్లెమ్మకి ఫోన్ చేశాను."

"అప్పట్నించీ తెలుసా దానికి?"

"మెషీన్ ఆ రోజే కొనిపించింది."

సాయంత్రానికి మెషీన్ బాల్కనీలో కుదురుకుంది. ఆవిడ కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. మొదటిసారి బట్టలు వేసి మీట నొక్కి, చేతులు కట్టుకుని నిలబడి, తిరుగుతున్న బట్టల వంక చూస్తూ ఆవిడ ఒక్కసారిగా కళ్లొత్తుకుంది. "ఇంక గురువారం వంతు లేదు. ఆ బకెట్టు మొయ్యక్కర్లేదు" అంది. ఓడినవాడికి అప్పుడు కొంచెం సిగ్గేసింది. కొంచెం సంతోషం కూడా వేసింది. నాలుగేళ్లుగా ఈ ఒక్క మాటా తన చెవికెందుకు ఎక్కలేదా అనుకున్నాడు.

కానీ చంకలో మడిచిన కుర్చీ అలాగే ఉంది. హాల్లో సోఫా ఉంది, గదిలో మంచం ఉంది, వంటింట్లో ఆవిడ ఉంది. ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చి, "ఇదెక్కడ వేసుకోనే?" అన్నాడు దిక్కుతోచక.

అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నా మిద్దె మీద మంచి నీడుంది బావగారూ" అన్నారు బావగారు. "చల్లటి గాలి. పలకరించే దిక్కుండదు. కుర్చీ అక్కడ పెట్టుకోండి, ప్రతి ఆదివారం వ్యానుతో వచ్చి తీసుకెళ్తా. సాయంత్రం దాకా పడుకోండి."

కళ్లజోళ్లాయన కళ్లు మెరిశాయి. "మిద్దె పగలగొడతానన్నారుగా?"

"నా మిద్దెకేం? గుండ్రాయిలా ఉంది."

ఆయన ఆనందం పట్టలేక బావగారిని కావిలించుకున్నాడు. ఆ కౌగిట్లో ఉండగానే బావగారు చెవిలో అన్నారు. "పడుకునే ముందు కాస్త అలా కుండీలకి నీళ్లు పోసేస్తే చాలు."

ఆయన చేతులు వదులయ్యాయి. "ఎన్ని కుండీలు?"

"చెప్పాగా. ముప్పై రెండు."

"నత్తలు అన్నయ్యా, నత్తలు" అని వంటింట్లోంచి గుర్తుచేసింది ఆవిడ.